బ్యాంకాక్ గేర్‌బాక్సులు, నరసాపురం కుట్లు

"సఖినేటిపల్లిలో పూతరేకులు దొరుకుతాయాండీ?"

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు నరసాపురం వైపు కదలగానే వెనకనుంచి వినిపించింది. ఫణిశ్రీ మిరపకాయ బజ్జీ నమలడం ఆపలేదు. పెళ్లయి ఇరవై రెండు రోజులు. గోదావరి గాలి, చేతిలో వేడి బజ్జీ, ఇంకా మెరుపు తగ్గని గాజులు. ఇంత మంచి ఉదయాన్ని కోడ్‌వర్డ్‌తో పాడుచేయడం నిఘా డిపార్ట్‌మెంట్‌కే చెల్లింది.

"ఆత్రేయపురంవి తప్ప తిననండి," అంది.

చీఫ్ వీరబ్రహ్మం పక్కకొచ్చి నిలబడ్డాడు. గొడుగు, చేతిసంచి, రిటైరైన మాస్టారి వేషం.

"థాయ్‌లాండ్ ఒప్పందం సంగతి తెలుసుగా? ఈ సెప్టెంబరు నుంచి అక్కడ తయారైన గేర్‌బాక్సులకి మన దగ్గర సుంకం సున్నా."

"అయితే ఏంటి సార్?"

"స్మగ్లర్ హార్ట్‌మన్ ముఠా తెచ్చినవి అక్కడివి కావమ్మా. ఇంకెక్కడో చేసినవి. పాత ఇనుము పేరుతో దించి, నరసాపురం గోడౌన్‌లో కొత్తగా ప్యాక్ చేశారు. బ్యాంకాక్ నుంచి వచ్చిన కంటైనర్‌లోకి ఎక్కిస్తారు. ఇవాళ మూడింటికి కాకినాడ పోర్టులో క్లియరెన్స్. కాగితాలన్నీ పక్కా."

"ఆపలేకపోతే?"

"రాజమండ్రి శివార్లో శ్రీలలిత గేర్స్ అని ఫ్యాక్టరీ ఉంది. కారు కంపెనీ ఆర్డర్ వస్తే నూట ఎనభై మంది ఐటీఐ పిల్లల్ని తీసుకుంటారు. అపాయింట్‌మెంట్ లెటర్లు టైపైపోయాయి. ఈ సరుకు సుంకం లేకుండా బయటికొచ్చిందంటే ఆర్డర్ దీనికే. లెటర్లు చింపేస్తారు."

చీఫ్ ఆమె చేతిలో ఒక హెయిర్‌క్లిప్ పెట్టాడు. "లోపల కెమెరా ఉంది. ముఠాలో మన మనిషి మణిశంకర్. నరసాపురం రేవులోనే ఉంటాడు."

మణిశంకర్ రేవులో నిలబడితే బస్సు దిగినవాళ్లు కూడా తిరిగి చూస్తున్నారు. తెల్లటి లినెన్ సూటు, బంగారు ఫ్రేము కళ్లద్దాలు, పది గజాల అవతలికి కొట్టే సెంటు. వృత్తి, ట్రేడ్ కన్సల్టెంట్. ముంబై లేసు వ్యాపారి వేషంలో ఉన్న ఫణిశ్రీని గోడౌన్‌కి తీసుకెళ్లాడు. తలుపు తీస్తే లోపల గాలి తప్ప ఏమీ లేదు.

"లేటయ్యాం మేడం. నిన్ననే తరలించేశారు. ఎక్కడికో తెలీదు. కేసు క్లోజ్ చేసుకోండి."

"ఆ నూట ఎనభై మంది పిల్లల సంగతేంటి?"

"ఏ పిల్లలు? ఓ, హెడ్‌కౌంట్!" అతను నవ్వాడు. "రెండు దేశాలు సంతకాలు పెట్టుకుంటే ఎక్కడో కొన్ని తలలు తగ్గుతాయి. గ్లోబలైజేషన్ అండి. ఈ కుగ్రామాలకి అర్థం కాదు."

మనుషుల్ని తలలుగా లెక్కపెట్టేవాడికి ఇంత సెంటు ఎందుకో ఫణిశ్రీకి అర్థమైంది. ఆ మాటల వాసన కప్పాలంటే సీసా మొత్తం కావాలి. ఆమె ముచ్చటగా నవ్వి, అతని కారు మలుపు తిరిగేదాకా చెయ్యూపింది. తర్వాత పక్కనే ఉన్న లేసు షెడ్డులోకి నడిచింది.

అరుగు మీద సూరమ్మ అనే ముసలామె లేసు అల్లుతోంది. చూపు ఎటున్నా చేతులు మాత్రం ఆగడంలేదు.

"పక్క గోడౌన్‌లో పని ఎవరు చేశారండీ?"

"మేవేనండి. పన్నెండు మందిమి. పెట్టెలకి కాన్వాసు తొడుగులు కుట్టేం. ఆ సెంటాయనే పిలిచేడు. సూది పట్టుకోడం వస్తే చాలన్నాడు. మా పనంటే అంత చులకనండి ఆయనకి."

పని చేయించిన సంగతే దాచిన మన మనిషి మణిశంకర్ ఎవరి మనిషో తేలిపోయింది.

"కుట్టినవి చూస్తే గుర్తుపడతారా?"

సూరమ్మకి రోషం వచ్చింది. "గుర్తెయ్యకుండా పనెలా వదుల్తామండి? కుట్టూడితే ఎవరిదో తెలియొద్దా? లేసుకైనా గోనెకైనా మడతలోపల ఎవరి గుర్తు వాళ్లేస్తాం. నాది మూడు రేకుల పువ్వండి."

"పెట్టెల్లో ఏముందో తెలుసా?"

"ఇనపసామాన్లంట. మా మనవరాలు వెంకటదుర్గదీ ఇనపసామాన్ల చదువేనండి, ఐటీఐ. సోమవారం రాజమండ్రిలో డ్యూటీలో చేరాలి. గేర్ల కంపెనీ."

ఫణిశ్రీ విషయమంతా నాలుగు ముక్కల్లో చెప్పింది. సూరమ్మ అల్లిక పక్కన పడేసి చీర కుచ్చిళ్లు ఎగదోపుకుంది.

"జీపెక్కడండి?"

కాకినాడ పోర్టు చేరేసరికి రెండూ యాభై ఐదు. కస్టమ్స్ ఆఫీసర్ చంద్రరావు ఫైలు ముందు కూర్చున్నాడు. ఎదుట మణిశంకర్, కాలి మీద కాలు.

"ఈ సరుకు బ్యాంకాక్‌ది కాదు," అంది ఫణిశ్రీ.

"ఆధారం ఏంటండీ?" చంద్రరావు స్టాంపు ఎత్తి ఆగాడు. "బ్యాంకాక్‌లో ఓడ ఎక్కేటప్పుడే ప్యాక్ చేశారని సర్టిఫికెట్ ఉంది. మూడు కొట్టేలోగా చూపించండి."

ఫణిశ్రీ హెయిర్‌క్లిప్ కంప్యూటర్‌కి తగిలించింది. పద్నాలుగు ఫోటోలు. పద్నాలుగింట్లోనూ ఆమె జడలోని కనకాంబరాలే. మణిశంకర్ పగలబడి నవ్వాడు.

సూరమ్మ ఎవరినీ అడగలేదు. బయట తెరిచి ఉన్న కంటైనర్ దగ్గరికి నడిచి, మొదటి తొడుగు అంచు తిప్పింది. "ఇది పాపాయిదండి. రెండు ముళ్లు, ఒక ఉచ్చు. ఇది గంగరాజు పెళ్లాందండి, ఎడమచేతి వాటం. లోపల వంకర చుక్కుంటాది, చూడండి."

చంద్రరావు మడత విప్పించాడు. వంకర చుక్క ఉంది.

"ఇది నాదండి." ఆకుపచ్చ దారంతో మూడు రేకుల పువ్వు.

"ఎవరీ ముసలావిడ?" వెనకే వచ్చిన మణిశంకర్ అడ్డుపడ్డాడు. "అంతర్జాతీయ సర్టిఫికెట్ ముందు గోనె కుట్టుకునేవాళ్ల మాటా?"

"ఆయ్, గోనె కుట్టుకునేదాన్నేనండి," అంది సూరమ్మ. "మరి నేనెప్పుడూ బ్యాంకాక్ వెళ్లలేదే. నా కుట్టెలా వెళ్లిందో బాబుగారు చెబితే వింటాను."

బాబుగారు పరిగెత్తారు. లినెన్ సూటు చేపల వలల్లో చిక్కుకుని బోర్లా పడింది. గేటు దగ్గర ఏసీ కారులో కూర్చున్న హార్ట్‌మన్‌కి, పోలీసులు చుట్టుముట్టేసరికి, అద్దం దించే తీరిక కూడా దొరకలేదు. చంద్రరావు ఆఫీసులోకి తిరిగొచ్చి స్టాంపును సొరుగులో పెట్టి తాళం వేశాక గోడ గడియారం మూడు కొట్టింది.

ఫణిశ్రీ ఫోన్ మోగింది. కొత్త మొగుడు. "ఏవోయ్, ఆఫీసులో బోరు కొడుతోందా?"

"చచ్చేంత," అంది ఫణిశ్రీ ఆనందంగా. "రాత్రికి బజ్జీలు వేద్దామండీ."

సోమవారం శ్రీలలిత గేర్స్‌లో వెంకటదుర్గతో సహా నూట ఎనభై మంది చేరారు. అదే రోజు రాజమండ్రి సెంట్రల్ జైల్లో మణిశంకర్ చేరాడు. పిల్లలకి ఆరునెలల ప్రొబేషన్ ఉంది. అతన్ని మాత్రం మొదటి రోజే పర్మనెంట్ చేసేలా ఉన్నారు.