అక్క తలకు రెండు ప్లాన్లు

"ప్రోటాన్లంటే ఖరీదైన ఆర్భాటమండీ. మా ఫోటాన్లకి ఏం తక్కువ?"

ఈ మాట అతను మూడేళ్లుగా ప్రతి మీటింగులోనూ అంటున్నాడు. క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ ప్లాన్లు వేసే ఫిజిసిస్టు అతను. వాళ్ల దగ్గరున్నది ఎక్స్-రే కిరణాలతో పనిచేసే ఫోటాన్ మెషీన్ ఒక్కటే కాబట్టి ఆ అభిప్రాయం ఏర్పడిందని అతనికి తప్ప అందరికీ తెలుసు. చాటుగా అతన్ని 'ఫోటాన్ బాబు' అనేవారు.

ఈసారి మాత్రం బల్లకి అవతల, ఊరి చివరి ప్రోటాన్ సెంటర్ నుంచి వచ్చిన ఫిజిసిస్టు కూర్చుని ఉంది.

"తక్కువేం లేదండీ, ఎక్కువే," అందామె. "ట్యూమర్ దాటాక కూడా ఆగకుండా అవతలి వైపు దాకా పోతాయి. మావి అక్కడే ఆగిపోతాయి. మీరూ కాస్త ఆగితే నేను మాట్లాడతాను."

అందరూ నవ్వారు. అతనూ నవ్వబోయాడు గానీ కుదరలేదు. తెర మీదున్నది అతని అక్క మెదడు.

అక్క లెక్కల టీచరు. నెమ్మదిగా పెరిగే ట్యూమర్. ఆపరేషన్ చేసినా కొంత మిగిలిపోయింది.

"ఇంకా ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పాల్సిన మనిషి. జ్ఞాపకశక్తి చెడకూడదు," అన్నాడు పెద్ద డాక్టరు. "ఇద్దరూ ప్లాన్ వేయండి, పోల్చి చూద్దాం."

తన చేత్తో, తన మెషీన్ మీదే అక్కకు నయం చేయాలని అతని ఆశ. నాలుగు రోజుల్లో ఐదు ప్లాన్లు వేశాడు. ట్యూమర్‌కి అందాల్సిన డోసు ఐదింటిలోనూ చక్కగా అందింది. కానీ మెదడులో రెండు పక్కలా ఉండే జ్ఞాపకాల భాగాన్ని ఒక పక్క కాపాడితే రెండో పక్క దెబ్బ తగిలేది. ప్రోటాన్ సెంటర్ ఫిజిసిస్టు పంపిన ప్లాన్‌లో అవతలి పక్కకు డోసు దాదాపు సున్నా. ఆరో ప్లాన్ మొదలుపెట్టాక, ఇది అక్క కోసం కాదు, ఆమె మీద గెలవడం కోసమని అర్థమై మౌస్ వదిలేశాడు.

తర్వాతి మీటింగులో లేచి నిలబడ్డాడు. "ఈ పేషెంటుకి ప్రోటాన్లే మంచివి. మూడేళ్లుగా నేను వాగిందంతా..."

"అంతా తప్పేం కాదు," అందామె. "వేగంగా పెరిగే ట్యూమర్లకి మావే మేలని ఇంకా తేలలేదు. అలాంటి ట్యూమరున్న పెద్దాయన్నొకరిని పోయిన వారమే మీ దగ్గరికి పంపాను. మా దగ్గరైతే నెల ఆగాలి."

ఓడినవాడికి ఇంత మర్యాద దక్కుతుందని అతననుకోలేదు. ఆ ఒక్క మాటతో ఆమెకి పడిపోయాడు.

ఆరు వారాలు అక్కను రోజూ ప్రోటాన్ సెంటర్‌కి తీసుకెళ్లాడు. అక్క లోపల ఉన్నంతసేపూ ఆ ఫిజిసిస్టుతో వాదించి, రోజూ ఓడి, హుషారుగా ఇంటికొచ్చేవాడు.

ఒక సాయంత్రం అక్క అడిగింది. "ఒరేయ్, నా రేడియేషన్ అయిపోయి నాలుగు రోజులైంది. నువ్వింకా అక్కడికెందుకు వెళ్తున్నావు?"

"రిపోర్టులు..."

"నిన్న తెచ్చావు. మొన్నా అవే తెచ్చావు. నా జ్ఞాపకశక్తి బాగానే ఉందిరా."

మర్నాడు వాన పడుతోంది. అతను తడిసి ముద్దయి ప్రోటాన్ సెంటర్లో ఆమె గది ముందు నిలబడ్డాడు. దారంతా వల్లించుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు.

"మీ సెంటర్లో పార్కింగ్ చాలా బాగుందండీ," అన్నాడు.

ఆమె కంప్యూటర్ మీంచి కళ్లెత్తింది. "పార్కింగ్ కోసం ఊరు దాటి వచ్చారా?"

"కాదు. మీ కోసం వచ్చాను. రోజూ మీ కోసమే వస్తున్నాను."

ఆమె తుండు తెచ్చి చేతికిచ్చింది.

"మీ అక్కగారు పొద్దున్నే ఫోన్ చేశారు. ముందేదో పిచ్చి మాట మాట్లాడతాడు, కాస్త ఓపిక పట్టమ్మా అన్నారు."

"మరి మీరేమన్నారు?"

"ఆరు వారాల నుంచీ ఓపిక పడుతూనే ఉన్నానండీ అన్నాను."