లక్క పెట్టెలో సున్నుండలు

"పెట్టె మన చేతికొచ్చింది, సార్!"

"వెల్‌డన్ హరనాథ్!" ఫోన్‌లో చీఫ్ గౌరీశంకర్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "స్ట్రెయిట్‌గా ల్యాబ్‌కి రా."

షామ్‌బర్గ్ ఊళ్లో ఒక ముఠా ఇచ్చిన పార్టీకి కేటరర్ వేషంలో వెళ్లి హరనాథ్ కొట్టుకొచ్చింది పాతకాలపు జపాన్ మిఠాయి పెట్టె. నల్లటి లక్క పూత, మూత మీద బంగారు కొంగలు. లోపల పట్టుగుడ్డ మడతలో చిప్. ఆ ముఠాలో తిరిగే అందాల దేదీప్య నిజానికి మన మనిషని అందులో సాక్ష్యముంది. ముఠా బాస్ కంటపడితే ఆమె ప్రాణం పోయినట్టే.

దారిలో భావన మెసేజ్: "పెసరట్లు వేస్తున్నా. వేడిగా తిని వెళ్లు."

పెళ్లై మూడు వారాలు. కారు దానంతటదే ఇంటివైపు తిరిగింది.

రెండు అట్లు తిని, పెట్టుడు మీసం జిగురు కడుక్కొచ్చేసరికి డైనింగ్ టేబుల్ ఖాళీ.

"పెట్టె ఏది?"

"వీరభద్రరావు అంకులట, వచ్చి తీసుకెళ్లారు. నువ్వు పొరపాటున తెచ్చేశావటగా? పాపం, ఎంత మర్యాదస్థులో!"

ముఠా కొరియర్! పెట్టెలో ట్రాకర్ ఉంటుందని తనకి తట్టనేలేదు.

"ఎక్కడ పెట్టావయ్యా?" ఫోన్‌లో చీఫ్ అరిచాడు.

"డైనింగ్ టేబుల్ మీద, సార్."

"నువ్వేం చేస్తున్నావ్?"

"పెసరట్టు..."

"బాస్ ఇంటి దారికి మనవాళ్లని పంపుతున్నా," అని చీఫ్ ఫోన్ పెట్టేశాడు. తిట్టినా బాగుండేది.

"అంత కంగారెందుకు?" అంది భావన. "ఖాళీ పెట్టె ఇచ్చానా ఏంటి? అమ్మ పంపిన సున్నుండలు పెట్టిచ్చా. నెయ్యి అంటుతుందని పట్టుగుడ్డ తీసేసి ఫాయిల్ పరిచా. ఉతికి ఇద్దామని ఇప్పుడే మెషీన్‌లో..."

హరనాథ్ దూకాడు. నీళ్లు పడేలోపు స్టాప్ నొక్కాడు. గుడ్డ పొడిగానే ఉంది. మడతలో చిప్! వెంటనే చీఫ్‌కి మెసేజ్ పెట్టాడు.

కాసేపటికి ఫోన్ మోగింది.

"ఆ కొరియర్‌ని బాస్ ఇంటి గేటు ముందే పట్టుకున్నాం. కారాపి సున్నుండ తింటున్నాడు. మూతి నిండా పిండి. దేదీప్య సేఫ్‌హౌస్‌కి వచ్చేసింది." అన్నాడు చీఫ్. "రిపోర్ట్‌లో ఎవరు కాపాడారని రాయను?"

"మా ఆవిడ అని రాయండి, సార్." తలెత్తలేకపోయాడు. "నేను రెండు అట్ల కోసం ఒక మనిషి ప్రాణం టేబుల్ మీద వదిలేశాను."

"ఆ మాట రేపు దేదీప్యకే చెప్పు."

ఫోన్ పెట్టేసి భావనకి నిజం చెప్పాడు. ఇన్సూరెన్స్ ఉద్యోగం అబద్ధమని కూడా.

"ఏ ఇన్సూరెన్స్ వాడి మీసం సబ్బు పెట్టె మీద ఆరుతుంది?" అని నవ్వి, అతని గడ్డం పట్టుకుని పైకెత్తింది. "సారీ చెప్పడానికి చేతులూపుకుంటూ వెళ్తామా? రేపు పొద్దున్నే లేచి మినపప్పు వేయించు, ఏజెంట్ గారూ. ఈసారి ఉండలు నువ్వే చుట్టాలి."