మంచుకు మోగిన ఫోను

పాతపట్నంలో జగన్నాధంగారిది చింతపండు వ్యాపారం. ఆయన మేడమీద గదిలో అద్దెకుండే పృథ్వీరాజ్ బ్యాంకులో గుమస్తా. అరసవల్లి కుర్రాడు. సాయంత్రమైతే చిన్న చిన్న సర్క్యూట్ బోర్డులు ముందేసుకుని ప్రోగ్రాములు రాసుకోవడం అతని సరదా. కొత్తగా ఏ సెన్సార్ వచ్చినా ఆన్‌లైన్లో తెప్పించేవాడు.

2016 మార్చిలో ఒక ఆదివారం, డాబామీద చింతపండు ఎండుతుండగా వాన పడింది. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న పృథ్వీరాజ్‌కి తెలియలేదు. జగన్నాధంగారి కూతురు హైమ పైకొచ్చేసరికి సగం పండు తడిసిపోయింది.

"పక్కనే ఉన్నారు గదా, ఒక్క కేకెయ్యలేకపోయారేటండీ?" అని మాత్రం అంది.

తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. చినుకు పడగానే ఫోన్ చేసే పరికరం తయారు చేస్తానన్నాడు. హైమ నమ్మలేదు గానీ నంబరిచ్చింది.

వారంలో పరికరం పిట్టగోడ ఎక్కింది. దాన్ని నమ్మి ఆ రాత్రి పండును డాబామీదే వదిలేశారు. తెల్లవారుజామున హైమ ఫోన్ మోగింది. తండ్రీకూతుళ్ళు బుట్టలన్నీ కిందకి మోసేశాక చూస్తే, అది వాన కాదు, మంచు.

"మీ యంత్రానికి మంచుకీ వానకీ తేడా తెల్దేటండీ?"

"నేనింకా నేర్పలేదండి."

"అయితే నేర్పండి. నానూ సూస్తాను."

హైమ డిగ్రీలో కంప్యూటర్లు చదివింది. సెన్సార్ మీద చెంబుతో నీళ్ళు చిలకరిస్తూ ఇద్దరూ ప్రోగ్రాం సరిచేశారు. తరవాత ఆమె సొంతంగా రాయడం మొదలుపెట్టింది. అతను తప్పులు చూపిస్తే ఒప్పుకునేది కాదు. అరగంటకి తనే దిద్దుకునేది.

ఇంతలో భోగాపురం నుంచి హైమకి సంబంధం వచ్చిందని తెలిసింది. పృథ్వీరాజ్ డాబామీదకి రావడం మానేసి, గదిలోనే ఉండిపోయాడు.

ఏప్రిల్లో ఒక సెలవురోజు మధ్యాహ్నం గాలివాన వచ్చింది. ఈసారి ఫోన్ సరిగ్గానే మోగింది. హైమ పైకొచ్చేసరికి అతను అప్పటికే టార్పాలిన్ పరుస్తున్నాడు. ఆమె రెండో అంచు పట్టుకుంది.

"ఆ సంబంధం నానే వద్దన్నాను. ఎందుకో అడగరేటి?"

అతను గాలికి ఎగురుతున్న అంచును కాలితో తొక్కిపట్టాడు.

"ఇప్పుడే అడగను. నాకు మీరంటే ఇష్టం. అది సెప్పకుండా అడిగితే బాగోదు."

హైమ ముఖం మీది నీళ్ళు తుడుచుకుంది. "ఇన్నాళ్ళూ గదిలో కూసుని ఇదేనా ఆలోసించారు?" అంది. గొంతులో కోపం లేదు.

మెట్ల దగ్గర తడుస్తూ జగన్నాధంగారు నిలబడి ఉన్నారు. అంతా విన్నారు. వచ్చి మూడో మూలకి ఇటుక పెట్టారు.

"ముందు ఆ నాలుగో మూల సూడు బాబూ," అన్నారు. "ఆదివారం మీ అమ్మనీ నాన్ననీ భోజనానికి రమ్మను. మాటాడుకుందాం."