నడిమి బస్తా

చీఫ్‌ని ఏజెంట్ ముక్కు ఈ జన్మకి క్షమించడు. తనకి కాపలా పెట్టమని అతని అక్క మూడుసార్లు ఉత్తరం రాసింది. మూడింటికీ చీఫ్ పెన్ను మూతైనా తియ్యకుండా "చూద్దాం" అన్నాడు. చూశాడు. ల్యాబ్ గేటు దగ్గర నంబరు ప్లేటు లేని వ్యాను ఆవిడ మీదనుంచి వెళ్లిపోయాక, రోడ్డు మీద గీసిన సుద్దగీతని నడుం మీద చేతులు పెట్టుకుని మరీ చూశాడు.

తొమ్మిదో రోజు పొద్దున అదే చీఫ్ కబురుపెట్టాడు.

ముక్కు అన్నది మారుపేరు. ఏడో తరగతితో బడికి దణ్ణం పెట్టి, ఇరవై ఏళ్లు ధాన్యం గోదాముల్లో శాంపిళ్లు తీసిన మనిషి. గుప్పెట్లో గింజలు పోసుకుని, వాటి మీద ముందు నోటి ఆవిరి ఊది, అప్పుడు వాసన చూస్తాడు. ఆవిరి తగిలితే ఎంత నక్కిన బూజైనా బయటపడాల్సిందే. ఆ విద్య చూసే బ్యూరో అతన్ని ఏజెంట్‌గా తీసుకుంది. జీతం మాత్రం హమాలీదే ఇచ్చింది.

"ఏవోయ్, కూర్చో," అన్నాడు చీఫ్. గదిలో రెండో కుర్చీ లేదు.

"చెప్పండి సార్."

"ఆపరేషన్ గ్రే డస్ట్. విదేశీ ముఠా. రేవులో దిగిన మొక్కజొన్నలో బూజు విషం కలిపారని టిప్. ఇవాళ పన్నెండుకి మిల్లు స్టార్ట్. పిండి రేపు అరవై బడుల వంటశాలలకి వెళ్తుంది. పిల్లలు కడుపులు పట్టుకుని పడిపోతే, వాళ్ల కంపెనీయే విరుగుడు పొడి పట్టుకొచ్చి అమ్ముతుంది."

"మెషీనేమంది?"

"క్లీన్."

"శాంపిలెవరు తీశారు?"

"నేనే." తలుపు దగ్గర సిల్క్ నవ్వింది. ముఠాలోకి బ్యూరో పంపిన మనిషి ఆవిడ. నల్ల కళ్లద్దాలు, నడకలో కోటు అంచు చప్పుడు, గది నిండా సెంటు. "నామీద నమ్మకం లేదా ముక్కుగారూ?"

"మీ సెంటులో నాకేదీ తెలియడం లేదమ్మా," అన్నాడు ముక్కు.

అక్కని ఎందుకు చంపారో అతనికి తెలుసు. ముఠా అమ్మబోయే పొడిలాంటిదే ద్రాక్షతో చేసి ఆవిడ ఊరికే పంచిపెట్టబోయింది.

"బూజు విషం పేగు గోడని చెదలా తినేస్తుందిరా తమ్ముడూ," అనేది. "నల్లద్రాక్ష తొక్కలో ఉండే యాంటీ ఆక్సిడెంట్లు ఆ గోడకి కాపలా కాస్తాయి. గాజు పళ్లెంలో పేగు కణాలు పెంచి చూశాను."

"అయితే ఇక బూజుపట్టింది తిన్నా ఫర్వాలేదన్నమాట."

"నీ మొహం! కాపలావాడున్నాడని తలుపులు బార్లా తీసి పడుకుంటామా? ముందు బూజునాపాలి. నా ద్రాక్ష తర్వాత."

ఆ ద్రాక్ష ముక్కు తోటలోది. పదమూడేళ్లు అంటుకట్టి అంటుకట్టి అక్క తీసిన రకం. ఇంకెక్కడా లేదు. ఆవిడ నోట్సు వ్యానుతోపాటే మాయమైంది. ఆవిడ మిగిల్చిందల్లా ఆ తీగలే.

పదకొండున్నరకి ముక్కు హమాలీ వేషంలో మిల్లు గేటు దాటాడు. తలగుడ్డలో రేడియో, పంచెలో, బస్తాలో గుచ్చి గింజలు లాగే ఉక్కు గొట్టం.

"బెల్టు బిగువుగా ఉందా?" అన్నాడు కాపలావాడు.

"మొన్నే నూనె పెట్టాం." కోడ్ కలిసింది. కాపలావాడు బ్యూరో మనిషే. దారి దొరికింది.

బస్తాల గుట్ట ఇంటి కప్పంత ఎత్తుంది. గొట్టం మూడు వరసల దాకా అందుతుంది. మూడింట్లోనూ గింజ బంగారంలా ఉంది. రూలు ప్రకారం అక్కడితో పని అయిపోయినట్టే. అందినంతవరకే గుచ్చి సంతకం పెట్టడం గోదాముల్లో అందరూ చేసేదే. ముక్కూ చేశాడు, ఎన్నోసార్లు. ఆ బద్ధకం తెలిసినవాడెవడో ఈ గుట్ట పేర్చాడు.

పైకెక్కి బస్తాల సందులో భుజం దాకా చెయ్యి దూర్చాడు. నడిమి బస్తా వెచ్చగా తగిలింది, జ్వరం వచ్చిన పిల్లవాడి పొట్టలాగ. బూజు పట్టిన గింజే అలా కాగుతుంది. గొట్టం గుచ్చి, గుప్పెడు తీసి, ఆవిరి ఊదాడు. తడిసి మగ్గిన పాతగోడ వాసన.

రేడియో నొక్కాడు. చప్పుడు లేదు.

"బ్యాటరీ నేనే తీశాను." కింద సిల్క్. చేతిలో ఫోను. "మీ తోటలో మావాడు కలుపుమందు ట్యాంకు తెరిచి కూర్చున్నాడు. నోరు మూసుకుని దిగితే మీ అక్క తీగలు మీకే. లేదా, ఒక్క మాట చెప్తాను. మొదళ్లతో సహా మాడిపోతాయి."

"వ్యానువాడికి మాట చెప్పింది కూడా నువ్వేనా?"

ఆవిడ కళ్లద్దాలు సర్దుకుంది. అదే జవాబు.

సైరన్ మోగింది. బెల్టు కదిలింది. అవతలి వైపు హమాలీలు నడిమి బస్తాలు లాగి కుట్లు విప్పుతున్నారు. గింజలు మరనోటి వైపు సాగుతున్నాయి. ముక్కుకి తోట కళ్లముందు ఆడింది. పందిరి కింద నిలబడి, కొంగుతో చెమట తుడుచుకుంటూ అక్క. ముందు బూజునాపాలిరా.

దూకాడు. ఉక్కు గొట్టాన్ని బెల్టు రోలర్లోకి అడ్డంగా పొడిచాడు. ఇనుము కీచుమని అరిచి ఆగిపోయింది. మొదటి గింజకీ మరనోటికీ మధ్య జానెడు మిగిలింది.

సిల్క్ ఫోనులో ఒకటే మాట అంది: "కానివ్వు."

కాపలావాడు ఆవిడ చేతులు విరిచి పట్టుకునేసరికే ఆలస్యమైపోయింది. ముక్కు తోట చేరేటప్పటికి పందిరంతా ఉడికిన ఆకులా వేలాడుతోంది. ఒక్క చిగురైనా దొరుకుతుందేమోనని పొద్దుగూకేదాకా మోకాళ్ల మీద వెతికాడు. దొరకలేదు.

చీఫ్ తానే తోటకి వచ్చి మెడల్ తగిలించాడు.

"దేశం నిన్ను మర్చిపోదోయ్. అన్నట్టు, ఈ నేలలోకి విషం దిగింది కదా, బ్యూరో సీలు వేస్తోంది. ఇక్కడో సంతకం పెట్టు."

"తిరిగెప్పుడిస్తారు సార్?"

"చూద్దాం," అన్నాడు చీఫ్.

ముక్కు మెడల్ మీద నోటి ఆవిరి ఊది వాసన చూశాడు. అసలు సిసలు ఇత్తడి, బూజు లేదు. దాని బరువు నలభై గ్రాములు. పోయిన తోట ఎకరం ఇరవై ఏడు సెంట్లు, బావితో సహా.