అమ్మ పెట్టిన పరీక్ష

నలభై నిమిషాల్లో రాయాల్సిన పేపరు అతను పది నిమిషాల్లో ఇచ్చేశాడు.

సైకాలజిస్టు గడియారం చూసుకుంది. ఆమె ఉద్యోగంలో చేరి రెండు నెలలు. కంపెనీలో చేరడానికి వచ్చినవాళ్ల స్వభావాన్ని ప్రశ్నలతో అంచనా కట్టడం ఆమె పని. ఇతని స్వభావం మాత్రం ముందే తెలుసు. ఆమె ఇంటి పై వాటాలో ఉంటాడు, కుండీలకు నీళ్లు పోసి కింద ఆరేసిన బట్టలన్నీ తడిపేస్తాడు.

"చదవకుండానే టిక్కులు పెట్టేశారా?"

"నిన్న చెప్పిన జవాబులే కదండీ."

"ఎవరికి చెప్పారు?"

"మీ అమ్మగారికి. కుండీల గురించి తిట్టడానికి పిలిచారేమో అనుకున్నా. కూర్చోబెట్టి, అచ్చం ఇదే పుస్తకం తీసి నూట ఇరవై ప్రశ్నలూ అడిగారు. కోపమొస్తే వస్తువులు విసురుతావా బాబూ అని రెండుసార్లు."

ఆమె మొహం పాలిపోయింది. ఆ పుస్తకం ఆఫీసు గడప దాటకూడదు. చదువుకుందామని శనివారం ఇంటికి తీసుకెళ్లింది. కూతురికి సంబంధాలు వెతుకుతున్న అమ్మ కంట పడింది.

"నేను నోరు మూసుకుంటే ఈ ఉద్యోగం మీదే," అంది నెమ్మదిగా.

"చెబితే?"

"మీ పేపరు చెల్లదు. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో."

అతను లేచాడు. "పదండి, నేనూ వస్తా. పంచుకుంటే తిట్లు సగమవుతాయి."

మేనేజరు అంతా విని కళ్లజోడు తీసింది. "మీ అమ్మగారు ఉద్యోగం చేస్తారేమో కనుక్కో," అంది. తర్వాత నవ్వకుండా సైకాలజిస్టుకు మెమో ఇచ్చింది. అతనికి వేరే పేపరుతో మళ్లీ పరీక్ష, పెట్టేది సీనియరు. ఈ అమ్మాయి ఆ గది ఛాయలకు కూడా వెళ్లకూడదు.

రెండు వారాల తర్వాత ఆమె బట్టలు ఆరేస్తుంటే అతను మెట్లు దిగి వచ్చాడు. పైన కుండీల కింద కొత్త పళ్లాలు.

"ఆఫీసులో పాసయ్యాను. మీ అమ్మగారి దగ్గర?"

"మార్కులు బయటికి చెప్పకూడదు."

"ఏ పోస్టుకో అదైనా చెప్పండి."

"అల్లుడి పోస్టుకయ్యా," అంది అమ్మ కిటికీలోంచి. "నూటపన్నెండు వచ్చాయి."

అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆమె తడి చున్నీని అవసరమైనదానికన్నా గట్టిగా పిండింది.

"ఆ పరీక్ష చెల్లదమ్మా. మళ్లీ పెట్టాలి."

"దీనికీ సీనియరేనా?" అన్నాడతను గొంతు తగ్గించి.

"కాదు. దీనికి నేనే. ఆదివారం సాయంత్రం, పార్కులో." క్లిప్పు పెట్టి అతని వైపు తిరిగింది. "పది నిమిషాల్లో లేచి వెళ్లిపోతే మాత్రం ఊరుకోను."