నీలం దారం

ఉదయం తొమ్మిదింపావు, రాత్రంతా కురిసిన వాన వెలిసి, పలచని ఎండ కాస్తోంది. పరాయి దేశపు జైలులో చేయని నేరానికి ఆరేళ్ళ శిక్ష అనుభవించి వచ్చిన భర్త తన కథ చెబుతూ ఉంటే, ఆమె కుట్టుమిషను బల్ల మీద కాగితాలు పరుచుకుని రాస్తోంది. జైలు వదిలిందే గాని నిర్దోషి అని ఆయనను ఎవరూ అనలేదు. ఈ పుస్తకమైనా ఆ మాట అనిపించాలని ఆమె ఆశ. విచారణ ఘట్టం రాగానే ఆయన, మత్తుమందు దొరికిన సంచి లైనింగు తానే కుట్టుకున్నానని న్యాయమూర్తికి చెప్పినట్టు ఒక్క ముక్కలో తేల్చేసి, ముందుకు రాయమన్నాడు.

ఆమె కలం ఆగింది. అచ్చుయంత్రాలు విప్పి బిగించడంలో ఘనుడే గాని, చొక్కా గుండీ ఊడితే ఇప్పటికీ ఆమె ముందుకొచ్చి నిలబడే మనిషి! లైనింగు కుట్టానని ఎందుకు చెప్పినట్టు?... విమానాశ్రయంలో అధికారులు కోసి చూపిన ఆ కుట్టు ఎలా ఉందని అడిగింది. ఆయన మంచినీళ్ళు కావాలన్నాడు. ఆమె లేవలేదు. చివరికి, నీలం దారమనీ, రెండు ముళ్ళు వేసి కొసను మడతలోకి తోసి ఉందనీ గొణిగాడు.

అది ఆమె కుట్టు! బూడిదరంగు దారం అయిపోతే నీలంతో సరిపెట్టింది. ప్రయాణానికి ముందురోజు ఆమె తమ్ముడు ఆ సంచి తెచ్చి, బావకు పనికొస్తుంది, లైనింగు ఊడింది, కాస్త కుట్టి పెట్టమన్నాడు. లోపల అట్టలా తగిలినది సంచి బిగువు కోసమే అనుకుంది. మత్తుమందు దొరికింది ఆ అట్టలోనే. జైలు కబురు వచ్చిన రోజు ఆమె తల వాల్చి ఏడ్చింది ఆ తమ్ముడి భుజం మీదే...

"నేనే పెట్టాననుకున్నారా?"

"మొదటి రాత్రి అనుకున్నా. తెల్లారేసరికి ఆ అనుమానం పోయింది. పాలు విరిగినా చెప్పకుండా ఉండలేవు, అంత గుట్టు నీ వల్ల ఏమవుతుంది?"

ఆమె నవ్వబోయి ఏడ్చింది. తమ్ముడి సంగతి కాగితం మీద రాసి, వాడి పేరు అప్పుడెందుకు చెప్పలేదని అడిగింది.

"వాడి పేరు చెబితే, కుట్టిందెవరని అడుగుతారు. నిన్నూ లాక్కెళితే మన పసిపిల్లను ఎవరు చూస్తారు? తిరిగొచ్చాక చెబుదామంటే, నీకున్న పుట్టిల్లు వాడొక్కడే. ఆ ముక్క కొట్టెయ్యి."

"కొట్టను. సంచి ఇచ్చింది వాడు, కుట్టింది నేను. రెండూ ఉంటాయి."

ఆయన కాగితాలను ఆమె ముందుకు జరిపాడు. తర్వాత నెమ్మదిగా, "నీలం దారమని కూడా రాయి," అన్నాడు.

పుస్తకం అచ్చయిన నాలుగేళ్ళకు ఆ దేశపు పై న్యాయస్థానం అందులోని ఆమె సాక్ష్యం చూసి, ఆయన నిర్దోషి అంటూ పాత తీర్పును రద్దు చేసింది. తమ్ముడు మళ్ళీ ఆ ఇంటికి రాలేదు.