పది జిల్లాలు రెండుసార్లు

ఆగుండ్రి ఆగుండ్రి! పేజీ తిప్పకుండ్రి, జర నా పరేషాన్ వినుండ్రి.

నేను సైదులు. మాది నల్గొండ, అల్మాస్‌గూడల కిరాయికుంటం. 2013, ఎంటెక్ ఫైనల్ ఇయర్. బొగ్గు తగ్గించి సోలార్ పెంచుకుంట పోతే 2030 నాటికి రాష్ట్రానికి కరెంట్ సరిపోతదా, ఏడ దెబ్బ తింటం, గిది కంప్యూటర్ల మోడల్ చేసి చూపియ్యాలె. ప్రాజెక్ట్ పార్ట్‌నర్ మృదుల. ఉండేది వనస్థలిపురం, సొంతూరు భీమవరం. లొల్లి మొదటి రోజే.

"మా పది జిల్లాలు నేను చేస్త, మీ పదమూడు మీరు చెయ్యుండ్రి."

"రాష్ట్రం ఇంకా ఒకటే కదండీ?" అని కళ్లద్దాల మీంచి చూసింది. గా చూపుకే నేను సగం ఫెయిల్.

నెల తర్వాత రెండు ఫైళ్లు కలుపుదామంటే కాలేజ్ల కరెంట్ కట్. దిల్‌సుఖ్‌నగర్ నెట్ సెంటర్‌కు ఉరికినం. బయట వాన, పక్కన మృదుల, తడిసిన జడ. కరెంట్ వాడకం గ్రాఫేమో స్క్రీన్ దాటి పైకి పోయింది!

"ఎన్ని ప్యానెల్స్ పెట్టినా చాలట్లేదేంటి? ఇట్లా అయితే ఒక్క బొగ్గు ప్లాంటూ మూయలేం!"

తప్పు దొరికింది. పంతానికి పోయి ఆమె ఇరవై మూడు జిల్లాలు చేసింది. నా పది మళ్ల కలిసినయ్. నల్గొండ బోరు మోటర్లన్నీ డబుల్!

"విడగొట్టావని చెప్పొచ్చుగా!"

"చెప్పిన గద! నువ్వే కలిపేసినవ్!"

నెట్ సెంటర్ మొత్తం మా దిక్కే చూస్తుంది. ఇద్దరం ఒక్కసారే నవ్వినం.

సోమవారం వైవా. ఆదివారం బంద్. ఫైల్ ఆఖరిసారి చూసుకుందామని ఖాళీ ఎల్బీ నగర్ చౌరస్తాల సైకిల్ తొక్కుకుంట వాళ్లింటికి పోయిన. వాళ్ల నాన్న త్రినాథరావుగారు తలుపు తీసిన్రు.

"సోలార్ అంటే పగలే కదా బాబూ, సాయంత్రం అందరూ స్విచ్ వేస్తేనో?"

"అదే పెద్ద రిస్క్ అంకుల్. అందుకే కొన్ని బొగ్గు ప్లాంట్లు రెడీగ ఉంచినం."

"మరి రాష్ట్రం విడిపోతే మా సంగతేంటి? ఇల్లమ్మేసి భీమవరం వెళ్లిపోదామనుకుంటున్నాం."

భీమవరమా అనుకుంట లోపలికి నడిచిన.

లోపల గదిల మృదుల నా పెన్‌డ్రైవ్ పెట్టి అసంప్షన్ల షీట్ తెరిచింది. బొగ్గు ధర, వానలు, ప్యానెల్ రేటు, ముందుముందు గిట్లుంటయని మేం అనుకున్నయన్నీ. ఆఖరి లైన్ కాడ ఆగింది. మొన్న ఊకెనే టైప్ చేసి తుడుసుడు మరిచిన: "మృదుల హైదరాబాద్‌లనే ఉంటది."

"ఇదేంటి?"

"అసంప్షన్."

"ఆధారం?"

"లేదు. నువ్వంటే నాకిష్టం, గంతే. నువ్వు ఊ అంటే ఉంచుత, లేకుంటే డిలీట్ చేస్త."

చెవులు ఎర్రగయినయ్ ఆమెకు. "ఉంచు. కానీ నాన్నగారితో నువ్వే మాట్లాడాలి. ఇంటి గురించీ, మన గురించీ. గంటలో పక్క కాలనీ వాళ్లు ఇల్లు కొనడానికి అడ్వాన్స్ తెస్తున్నారు."

హాల్ల టీవీ మోగుతుంది. కొత్త రాష్ట్రం ఇస్తరా ఇయ్యరా అని డిబేట్ల నలుగురు కొట్లాడుతున్నరు. త్రినాథరావుగారు సోఫా అంచుకు జరిగి, రిమోట్ గట్టిగ పట్టుకొని పండ్లు పటపట కొరుకుతున్నరు.

నేను గుమ్మం కాడ నిలబడ్డ. డిబేట్ అయ్యేదాక ఆగితే అడ్వాన్స్ ఒస్తది. ఇప్పుడే పోతే రిమోట్ నా నెత్తిమీదకే ఒస్తదేమో. మీరైతే ఏం చేస్తరు?